ద్రవ్యనిత్యత్వ నియమము: ఖతార్ రసాయన పరిశ్రమలలో దాని వినియోగము

రసాయనక్రియకు లోనైన పదార్థములు రంగును, రుచిని, రూపమును, గుణమును మార్చుకొని తొంటి జాడ తెలియరానంతగా వేరైపోయినను, క్రియకు పూర్వము వాని మొత్తము ద్రవ్యరాశి యెంతయో, క్రియానంతరము ఏర్పడిన పదార్థముల మొత్తము ద్రవ్యరాశియు అంతయే యుండునని చెప్పు సూత్రమునకు ద్రవ్యనిత్యత్వ నియమమని పేరు. మూత బిగించిన గాజుకుప్పెలో రెండు ద్రావణములను కలిపి, తెల్లని అవక్షేపము అడుగున దిగినను త్రాసు ముల్లు చలింపకుండుటను చూపి పాఠశాలలలో దీనిని బోధింతురు. అంతటితో అది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోవుట కద్దు. అది విచారింపదగిన విషయము. ఏలయన, ఉక్కుగోడల నడుమ కంటికి కానరాని వాయువులు గంటకు వందలకొలది టన్నులు ప్రవహించుచు, కలియుచు, విడివడుచు ఉండు కర్మాగారమున లోపల జరుగునది తెలిసికొనుటకు మనుష్యునకు గల సాధనములలో ఈ నియమమే మొదటిది. లోనికి పోయినదానిని తూచి, వెలికి వచ్చినదానిని తూచి, రెండింటిని సరిపోల్చుటచేతనే అచ్చటి ఇంజనీరు చూడరానిదానిని చూడగలుగుచున్నాడు. సహజవాయువే సర్వస్వముగా ఎదిగిన ఖతార్ దేశమున ఈ నియమము పనిచేయు తీరు ఈ వ్యాసమునందు వివరింపబడుచున్నది.

దేశస్థితి: అరేబియా తూర్పుతీరమునుండి పారశీక సింధుశాఖలోనికి చొచ్చుకొనిపోయిన ఈ చిన్న ద్వీపకల్పమున నదులు లేవు, అడవులు లేవు, చెప్పుకోదగిన సాగుభూమి లేదు. ముత్యపుచిప్పలకై సముద్రమున మునుగువారి కష్టముపైననే అచ్చటి జనులు చిరకాలము బ్రతికిరి; జపానులో పెంచిన ముత్యములు విపణికి వచ్చుటయు, 1929 నాటి ప్రపంచ ఆర్థికమాంద్యమును ఒకదానివెంట ఒకటి తాకుటతో ఆ వ్యాపారము కూలిపోయెను. పడమటితీరమున దుఖానువద్ద నూనె కనుగొనబడినను, రెండవ ప్రపంచయుద్ధము అడ్డుపడుటచే తొలి నూనె ఓడ 1949 సంవత్సరాంతమునకు గాని కదలలేదు. దేశపు రాతను నిజముగా మార్చినది 1971లో ఈశాన్య సముద్రభాగమున బయల్పడిన ఉత్తరక్షేత్రము. ఖతార్ వైపుననే సుమారు 6,000 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి, ఇరాను జలములలోనికి దక్షిణ పార్స్ అను పేర కొనసాగు ఈ వాయునిక్షేపము భూమిమీది వాయునిక్షేపములలో అన్నిటికంటె పెద్దది. దోహా నగరమునకు దక్షిణమున, పూర్వము ఉమ్ సయీద్ అని పిలువబడిన మెసయీదులోను, ఉత్తరమున రాస్ లఫానులోను వెలసిన పారిశ్రామిక నగరములకు ఈ వాయువే ముడిసరకు, ఇంధనము కూడ. ఈ రెండు చోట్లను ఆంధ్ర, తెలంగాణములనుండి వెడలిన ఇంజనీర్లు, ఆపరేటర్లు, ఫిట్టర్లు, వెల్డర్లు పనిచేయుచుండుట మన పాఠకులలో అనేకులకు ఇంటిముచ్చటయే.

నియమచరిత్ర: ఉన్నది లేకపోదు, లేనిది పుట్టదు అను భావము ప్రాచీనము. కార్యము కారణమునందు ముందే యుండునను సాంఖ్యుల సత్కార్యవాదమును, శూన్యమునుండి ఏదియు జనింపదనిన గ్రీకు తాత్త్వికుల వాదమును తఱచుగా ఈ నియమమునకు పూర్వరంగముగా పేర్కొందురు. ఆ దర్శనములయెడ మాకు గల గౌరవము తక్కువది కాదు గాని, యోచించి చెప్పిన సత్యమును, తూచి చూచి చెప్పిన సత్యమును ఒకే గాటను కట్టుట యుక్తము కాదు. కట్టె కాలినపుడు పిడికెడు బూడిద మిగులుటయు, సీసము కాలినపుడు మిగిలిన భస్మము మొదటి లోహముకంటె బరువెక్కుటయు పదునెనిమిదవ శతాబ్దపు పండితులను కూడ చిక్కులలో పడవైచినవి. చిక్కంతయు గాలియందున్నది, గాలిని తూకమునకు తెచ్చువారు లేకపోయిరి.

ఆ పనికి పూనుకొన్నవారిలో స్కాట్లండు దేశీయుడగు జోసెఫ్ బ్లాక్ ముఖ్యుడు. ఆయన 1750వ దశకమున సున్నపురాయివంటి పదార్థములను కాల్చినపుడు తగ్గిన బరువు వానిలో బందీయై యుండిన ఒక వాయువు బరువేయని నిరూపించెను. ఆల్చిప్పలను, నత్తగుల్లలను బట్టీలో కాల్చి గుల్లసున్నము చేయు మన తీరవాసులకు ఈ తరుగు చిరపరిచితము: నూరు కిలోల శుద్ధమైన గుల్ల కాలినచో 56 కిలోల సున్నము మాత్రమే చేతికి వచ్చును, తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై బట్టీనోటినుండి వెడలిపోవును. ఆ సున్నమునే నీటితో కలిపి గోడకు పూసినపుడు, ఏళ్ల తరబడి గాలిలోనుండి ఆ 44 కిలోలనే మరల గ్రహించి, నీటిని విడిచి, అది తిరిగి రాయి యగును. పోయిన బరువు ఎచ్చటికి పోయెనో, వచ్చిన బరువు ఎచ్చటినుండి వచ్చెనో అడుగుటకు అలవాటుపడిన బుద్ధికి ఇంతకంటె మంచి తొలిపాఠము లేదు.

రష్యాలో లొమొనోసోవ్ 1756లో మూసిన పాత్రలలో లోహములను కాల్చి, గాలి చొరనిచో బరువు మారదని కనుగొనెను. ఫ్రాన్సులో లవోయిజె 1774లో తగరమును, సీసమును అట్లే కాల్చి, పాత్ర మూతవిప్పిన క్షణమున లోనికి దూరిన గాలి బరువే లోహమునకు వచ్చిన పెరుగుదలయని చూపెను. 1789లో ప్రకటించిన తన రసాయనశాస్త్ర గ్రంథమున, ద్రాక్షరసము పులిసి మద్యమగు క్రియను వివరించుచు, ప్రతి క్రియకును ముందు వెనుకల పదార్థపరిమాణము సమానమని స్పష్టముగా వ్రాసెను. లవోయిజె రాజునకు రావలసిన పన్నులను గుత్తకు వసూలుచేయు సంస్థలో భాగస్వామి. ఆ సంబంధమే 1794లో ఆయనను గిలొటిన్ కత్తిక్రిందకు చేర్చినది. జమకును ఖర్చునకును పొంతన కుదురువఱకు నిద్రపోని లెక్కగాని స్వభావమును రసాయనశాలకు తెచ్చినవాడాయనయే యని మా తలంపు.

లెక్క కట్టు తీరు: ద్రవ్యము నిత్యమగుటకు మూలము పరమాణువులు నిత్యమగుటయే. క్రియలో అణువులు విచ్ఛిన్నమగును, క్రొత్త అణువులు కూడుకొనును. పరమాణువు మాత్రము పుట్టదు, గిట్టదు. కావున సమీకరణమునకు ఇరువైపుల ప్రతి మూలకపు పరమాణువుల సంఖ్యను సరిచేసి, వాని పరమాణుభారములను కూడినచో బరువుల లెక్క దానంతట వచ్చును. ఉత్తరక్షేత్రపు వాయువులో అత్యధికభాగమైన మిథేనునే తీసికొందము. దాని అణువులో కర్బన పరమాణువు ఒకటి, ఉదజని పరమాణువులు నాలుగు, అణుభారము 16. ఒక మిథేను అణువు దహనమగుటకు రెండు ఆమ్లజని అణువులు, అనగా 64 పాళ్లు, వలయును. ఫలితముగా 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువును, 36 పాళ్ల నీటియావిరియు ఏర్పడును. ఇటు 80, అటు 80. ఒక టన్ను మిథేనును మండించినచో 2.75 టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుననుట విని, ఒక టన్నునుండి రెండున్నర టన్నులకు పైబడి ఎట్లు వచ్చునని ఆశ్చర్యపడువారు గలరు. గాలినుండి గ్రహింపబడిన నాలుగు టన్నుల ఆమ్లజనిని లెక్కలో చేర్చుకొనకపోవుటయే ఆ ఆశ్చర్యమునకు కారణము.

ఉత్తరక్షేత్రపు వాయువును సున్నకు దిగువ 162 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు చల్లార్చి ద్రవముగా మార్చి ఓడలకెక్కించుట రాస్ లఫానులో జరుగు పని. తొలి ఓడ 1996 డిసెంబరులో జపానునకు బయలుదేరినది. ద్రవీకరణమున వాయువు పరిమాణము ఆరువందల వంతులలో ఒక వంతునకు కుంచించుకొనును. బరువు మాత్రము ఒక్క గ్రామైనను తగ్గదు. ఇది భౌతికమైన మార్పే గాని రసాయనికమైనది కాదు. 2004నుండి గుజరాతు తీరమున దహేజ్ రేవునకు ఈ ద్రవము వచ్చుచున్నది. ఖతార్ ద్రవీకరణ సామర్థ్యము 2010 చివర ఏటికి 7.7 కోట్ల టన్నులకు చేరెను. అది అంతయు శుద్ధమిథేనే యని తలంచి పై లెక్కను అన్వయించినచో, వివిధదేశముల పొయ్యిలలోను, విద్యుత్కేంద్రములలోను అది కాలి 21 కోట్ల టన్నులకు మించిన బొగ్గుపులుసు వాయువుగా పరిణమించుట అనివార్యము. కర్బనపరమాణువు మాయము కాదు గనుక, దానిని పట్టి భూగర్భమున దాచుటయో, మరియొక సరకులో బిగించుటయో తప్ప వేరు మార్గములేదు.

యూరియా బస్తా: అట్లు బిగించిన సరకులలో మన రైతునకు చిరపరిచితమైనది యూరియా. ఖతార్ ఎరువుల సంస్థ, అనగా కాఫ్కో, 1969లో స్థాపింపబడి 1973లో మెసయీదునందు ఉత్పత్తి ప్రారంభించినది. నాడు దాని సామర్థ్యము దినమునకు 900 టన్నుల అమ్మోనియా, 1,000 టన్నుల యూరియా. తరువాతి విస్తరణలతో, ముఖ్యముగా 2012 నాటికి ముగిసిన అయిదవ, ఆరవ దశలతో, అది ఏటికి 38 లక్షల టన్నుల అమ్మోనియాకును, 56 లక్షల టన్నుల యూరియాకును పెరిగినది. ఈ రెండు సంఖ్యలు పాఠకుడు జ్ఞాపకముంచుకొనదగినవి. వాని నడుమనున్న సంబంధమును ద్రవ్యనిత్యత్వ నియమమే విప్పిచెప్పును.

నేడు మన దేశమున అమ్ము యూరియా బస్తా 45 కిలోలది. దానిని మూలకములుగా విడదీసి చూచినచో అందు నత్రజని 21 కిలోలు, ఆమ్లజని 12 కిలోలు, కర్బనము 9 కిలోలు, ఉదజని 3 కిలోలు ఉండవలయును. నత్రజని పూర్తిగా గాలినుండి వచ్చినది. కర్బనము, అది సహజవాయువునుండి చేయబడిన యూరియా యైనచో, సముద్రగర్భపు మిథేనునుండి వచ్చినది. ఉదజనిలో కొంత మిథేనుది, కొంత నీటిది. తెల్లని ఆ గుళికలలో మట్టిది గాని, గనిలో త్రవ్విన రాతిది గాని ఒక్క పాలైనను లేదు. గాలియు, నీరును, వాయువును గడ్డకట్టి బస్తా నిండినవి.

క్రియాక్రమ మిట్లుండును. మిథేనును నీటియావిరితో కలిపి, నికెలు ఉత్ప్రేరకముపై తీవ్రముగా వేడిచేయుదురు. పిదప గాలిని చొనుపుదురు. గాలిలోని ఆమ్లజని వాయువులో కొంతభాగమును దహించి వేడినిచ్చును, నత్రజని మిగులును. పుట్టిన కార్బన్ మోనాక్సైడును మరల ఆవిరితో క్రియ జరిపి బొగ్గుపులుసు వాయువుగా మార్చి, దానిని కడిగి వేరుచేసి, నత్రజనిని ఉదజనిని ఇనుప ఉత్ప్రేరకముపై అధికపీడనమున కలుపుదురు. 1909లో హేబర్ ప్రయోగశాలలో సాధించి, 1913లో బాష్ జర్మనీలోని ఒప్పావునందు కర్మాగారముగా నిలిపిన విధానమిది. అన్ని మెట్లను ఒక్కటిగా కూర్చి స్థూలముగా వ్రాసినచో: ఏడు అణువుల మిథేను, పది అణువుల నీరు, ఎనిమిది అణువుల నత్రజని, రెండు అణువుల ఆమ్లజని చేరి పదునారు అణువుల అమ్మోనియాను, ఏడు అణువుల బొగ్గుపులుసు వాయువును ఇచ్చును. బరువులలో చెప్పినచో 112, 180, 224, 64 పాళ్లు కలిసి 580. అమ్మోనియా 272, బొగ్గుపులుసు వాయువు 308, కలిసి 580.

పిమ్మట యూరియా. రెండు అణువుల అమ్మోనియా ఒక అణువు బొగ్గుపులుసు వాయువుతో చేరి యూరియా అణువు నొకదానిని, నీటి అణువు నొకదానిని ఇచ్చును: 34, 44 కలిసి 78, ఇటు 60, 18 కలిసి 78. బస్తా లెక్కలో 25.5 కిలోల అమ్మోనియా, 33 కిలోల బొగ్గుపులుసు వాయువు లోనికి పోయి, 45 కిలోల యూరియాయు 13.5 కిలోల నీరును వెలికి వచ్చును.

ఇపుడు రెండు సమీకరణములను ప్రక్కప్రక్కన నిలుపుడు. పదునారు అణువుల అమ్మోనియాను పూర్తిగా యూరియాగా మార్చుటకు ఎనిమిది అణువుల బొగ్గుపులుసు వాయువు కావలయును. మొదటి క్రియ ఇచ్చినవి ఏడే. కనుక సహజవాయువునుండి యూరియా చేయువాడు, వేరొకచోటినుండి బొగ్గుపులుసు వాయువును తెచ్చుకొననియెడల, తన అమ్మోనియాలో ఎనిమిదవ వంతును అట్లే మిగుల్చుకొని అమ్ముకొనక తప్పదు. కాఫ్కో సంఖ్యలను పరీక్షింతము. 56 లక్షల టన్నుల యూరియాకు సుమారు 31.7 లక్షల టన్నుల అమ్మోనియా, 41 లక్షల టన్నుల బొగ్గుపులుసు వాయువు వలయును. 38 లక్షల టన్నుల అమ్మోనియాను చేయునపుడు ప్రధానక్రియలో వెలువడు బొగ్గుపులుసు వాయువు పై నిష్పత్తినిబట్టి 43 లక్షల టన్నులు. మిగులు అమ్మోనియా ఆరు లక్షల టన్నులకు పైచిలుకు. ఆ పెద్ద కర్మాగారమునకు ఎంత అమ్మోనియా యూనిటు కట్టవలయునో, ఎంత యూరియా యూనిటు కట్టవలయునో నిర్ణయించినవారికి విపణి ఎంత ముఖ్యమో ఈ ఏడెనిమిదుల నిష్పత్తి అంత ముఖ్యము. పైపెచ్చు కొలిమిలో ఇంధనముగా కాలిన వాయువునుండి వెడలు బొగ్గుపులుసు వాయువు ఈ లెక్కలో చేరలేదు. అది పొగగొట్టపు ఖాతాలోనిది.

బొగ్గును ముడిసరకుగా గైకొన్నచో కథ తలక్రిందులగును. మన రామగుండమున 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో మూతపడిన పాత ఎరువుల కర్మాగారము బొగ్గుపై ఆధారపడినది. 2021లో పునరుద్ధరింపబడిన కర్మాగారము సహజవాయువుతో నడచునది. బొగ్గులో ఉదజని స్వల్పము గనుక ఉదజని యంతయు నీటినుండి పిండవలసియుండును. మూడు కర్బనపరమాణువులకు నాలుగు అమ్మోనియా అణువులే లభించును, ఆ నాలుగింటికి కావలసిన బొగ్గుపులుసు వాయువు రెండు అణువులే. అచ్చట మిగిలిపోవునది బొగ్గుపులుసు వాయువు, ఇచ్చట మిగులునది అమ్మోనియా. ఒకే బస్తా, ఒకే తెల్లని గుళిక. కాని ముడిసరకు మారినంతనే ఖాతా నడక మారిపోయినది.

జమ, ఖర్చు, నిలువ: పాఠశాలలోని కుప్పె మూసినది, కర్మాగారము తెరచినది. అచ్చట నియమమును చిట్టావ్రాత రూపమున చెప్పుకొనవలయును: లోనికి జమయైనది, వెలికి ఖర్చయినదానికిని లోపల నిలువయున్నదానికిని కలిపి సమానము. గొట్టములపై నమర్చిన ప్రవాహమాపకములు ఎంత పోవుచున్నదో చెప్పును. ప్రయోగశాలలోని విశ్లేషణ అందేమి యున్నదో చెప్పును. ఈ రెంటిని గుణించి మూలకమువారీగా కూడినపుడు పొంతన కుదరనిచో, మాపకము తప్పుచెప్పుచున్నదో, లోపల ఏదో పేరుకొనుచున్నదో, గొట్టము కారుచున్నదో తేల్చుకొనవలయును. దీపము పెట్టి వెదుకుటకు వీలులేని ఆ చోటున అంకెలే దీపములు.

పేరుకొనుటకు ఆర్గాను వాయువు ఉత్తమోదాహరణము. గాలిలో అది నూటికి ఒక పాలుకంటె తక్కువ. ఎవరితోను క్రియ జరుపదు. కావుననే దాని పేరు ఎవరికిని పట్టదు. కాని ఒక బస్తా యూరియాకు వలయు 21 కిలోల నత్రజనితోపాటు సుమారు 360 గ్రాముల ఆర్గాను కర్మాగారములోనికి ప్రవేశించును. సంశ్లేషణపాత్రలో ఒక్క పర్యాయమునకు వాయువులో కొద్దిభాగమే అమ్మోనియాగా మారును. దానిని ద్రవీకరించి తీసి, మిగిలినదానిని మరల మరల త్రిప్పి పంపుదురు. నత్రజని, ఉదజనులు ప్రతి చుట్టులోను ఖర్చగుచుండగా ఆర్గాను మాత్రము ఖర్చు కాక, చుట్టుచుట్టునకు పేరుకొని, కొంతకాలమునకు పాత్రనంతను ఆక్రమించి క్రియను ఆపివేయగలదు. అందుచే త్రిప్పు వాయువులో కొంతభాగమును ఎడతెగక వెలికి విడువవలయును. ఎంత విడువవలయునన్న ప్రశ్నకు ఉత్తరము నియమములోనే యున్నది: గంటకు ఎంత ఆర్గాను వచ్చుచున్నదో, అంతయు గంటలో వెడలునట్లు.

ఇదే సూత్రము రాస్ లఫానులో సంపదయైనది. ఉత్తరక్షేత్రపు వాయువులో హీలియము నూటికి 0.04 పాలు మాత్రమే. దానికై ప్రత్యేకముగా ఎవరును బావి త్రవ్వరు. అయితే వాయువును ద్రవీకరించునపుడు మిథేను ద్రవమై దిగిపోవును, హీలియము దిగదు. దిగని హీలియము తోకవాయువులో చిక్కబడును. 2005లో మొదటి హీలియము కర్మాగారము, 2013లో రెండవది వెలసి, ఖతారును ఆ వాయువును ఎగుమతిచేయు దేశములలో అగ్రశ్రేణిలో నిలిపినవి. కోట్ల టన్నుల ఖాతాలో పదివేలకు నాలుగు పాళ్లను విడువక వెదకిపట్టుటవలన కలిగిన ఫలమది.

వాయువునుండి నూనె, నూనెతో నీరు: రాస్ లఫానులోనే 2011లో పని ప్రారంభించిన పెర్ల్ అను కర్మాగారము సహజవాయువును దినమునకు 1,40,000 పీపాల ద్రవ ఇంధనములుగాను, నూనెలుగాను మార్చుటకు నిర్మింపబడినది, దానికి పూర్వమే 2006లో ఆరిక్స్ అను మరియొక కర్మాగారము 34,000 పీపాల సామర్థ్యముతో ఆరంభమైనది. పూర్వము ముత్యములకు ప్రసిద్ధమైన దేశమున వాయుకర్మాగారమునకు ముత్యమని పేరిడుట సముచితముగా నున్నది. ఇందలి క్రియను 1920వ దశకమున జర్మనీలో ఫిషర్, ట్రాప్ష్ అనువారు బొగ్గుకొరకు కనిపెట్టిరి. 16 పాళ్ల మిథేను 16 పాళ్ల ఆమ్లజనితో అర్ధదహనమై, 28 పాళ్ల కార్బన్ మోనాక్సైడును 4 పాళ్ల ఉదజనిని ఇచ్చును. ఆ 32 పాళ్లు ఉత్ప్రేరకముపై నూనెగా కూర్పబడునపుడు పొడుగాటి కర్బనశృంఖలమునకు చేరునది 14 పాళ్లే. మిగిలిన 18 పాళ్లు నీరు. కర్మాగారము పేరు నూనె కర్మాగారమైనను, బరువునుబట్టి చూచినచో అది నూనెకంటె నీటినే ఎక్కువగా చేయుచున్నది.

లక్షా నలుబదివేల పీపాల సరకు సుమారు 17 వేల టన్నులు తూగునని వేసికొన్నచో, పై నిష్పత్తిచొప్పున దినమునకు 22 వేల టన్నుల నీరు పుట్టవలయును. ఒక్క ఏరైనను పారని దేశమున, సముద్రపు నీటిని కాచి, వడకట్టి త్రాగు దేశమున, వాయువునుండి ఇంత నీరు పుట్టుట విశేషము. ఆ నీటిలో ఆల్కహాలులు, ఆమ్లములు కొంత కలిసియుండును గనుక దానిని శుద్ధిచేసి కర్మాగారముననే మరల ఆవిరికిని, చల్లార్చుటకును వాడుకొనునట్లు, వెలుపలికి వ్యర్థజలమును వదలకుండునట్లు అచ్చట పెద్ద జలశుద్ధి కేంద్రమును నిర్మించిరి. ఇంజనీరు ఆ కేంద్రపు కొలతను ఊహించి వేయలేదు. 14కును 18కిని గల పొత్తునుండి తీసెను. అట్లే అర్ధదహనమునకు గాలినుండి ఆమ్లజనిని విడదీయు యూనిటులు ఎనిమిది అవసరమైనవి: 17 వేల టన్నుల నూనెకు సిద్ధాంతరీత్యా 19 వేల టన్నులకు పైగా ఆమ్లజని కావలయును, వాస్తవమున ఇంకను హెచ్చుగా. కర్మాగారమును చూడబోయినవానికి ఎదుట కనబడు ఉన్నతగోపురములలో పెక్కు గాలిని వేరుచేయుటకే నిలచియున్నవి.

లోహములు, గంధకము: తక్కిన పరిశ్రమలను గూర్చి క్లుప్తముగా చెప్పవచ్చును. ఉత్తరక్షేత్రపు వాయువులో విషవాయువగు హైడ్రొజన్ సల్ఫైడు కొంత కలదు. 1883లో క్లాస్ అను రసాయనికుడు కనిపెట్టిన పద్ధతిచొప్పున ఆ వాయువు 68 పాళ్లు, ఆమ్లజని 32 పాళ్లు చేరి 64 పాళ్ల గంధకమును, 36 పాళ్ల నీటిని ఇచ్చును. రాస్ లఫాను రేవునుండి ఆ గంధకము ఎగుమతి యగును. 1974లో స్థాపింపబడి 1978లో ఉత్పత్తి ప్రారంభించిన మెసయీదు ఉక్కు కర్మాగారమున ఇనుపఖనిజమును కరగింపకయే, సహజవాయువునుండి చేసిన ఉదజని, కార్బన్ మోనాక్సైడులతో దానిలోని ఆమ్లజనిని లాగివేయుదురు. 160 పాళ్ల శుద్ధఖనిజములో 48 పాళ్లు ఆమ్లజని గనుక రంధ్రములమయమైన 112 పాళ్ల ఇనుము మిగులును. ఏటికి 5,85,000 టన్నుల అల్యూమినియమును చేయుటకై వెలసిన కాటలమ్ కర్మాగారమున ఒక టన్ను లోహమునకు 1.89 టన్నుల అల్యూమినాయు, కనీసము మూడవ వంతు టన్ను బొగ్గుదిమ్మయు హరించి, 1.22 టన్నుల బొగ్గుపులుసు వాయువు వెడలును. విద్యుత్తుచే జరుగు పనియని విని అచ్చట పొగ ఉండదని తలంచువారికి ఈ లెక్కయే సమాధానము.

నియమపు అవధి: జర్మను రసాయనికుడు లాండోల్ట్ ఇరువైపుల చేతులుగల గాజుగొట్టములలో ద్రావణములను బిగించి మూసి, పలు క్రియలను ఏండ్ల తరబడి తూచి, త్రాసునకు అందునంత మేర ఏ మార్పును లేదని 1908 నాటికి తేల్చెను. అంతకు ముందే 1905లో ఐన్‌స్టైన్ ద్రవ్యరాశికిని శక్తికిని గల సమత్వమును ప్రకటించియుండెను. దానినిబట్టి వేడిని వెలువరించు ప్రతి క్రియలోను ద్రవ్యరాశి సూక్ష్మముగా తగ్గవలయును. ఎంత సూక్ష్మముగా? ఒక టన్ను మిథేను కాలినపుడు మిల్లీగ్రాములో ఆరు పదవవంతులు. ఖతార్ ఏటికి ఓడలకెక్కింపగల 7.7 కోట్ల టన్నులును కాలినను వేడిగా, వెలుగుగా వెడలిపోవు ద్రవ్యరాశి 48 కిలోలకు మించదు; ఇంచుమించు ఒక్క యూరియా బస్తా. ఏ కర్మాగారపు కాటాకును అది తెలియదు గనుక, పరమాణుకేంద్రకమును కదపని రసాయనక్రియలలో ద్రవ్యనిత్యత్వమును నిస్సంశయముగా పాటింపవచ్చును.

పొలమున బస్తా విప్పినపుడు: మెసయీదునందు గాని రామగుండమునందు గాని బిగింపబడిన ఆ యూరియా మడిలో చల్లిన కొలది దినములలోనే, మట్టిలోని సూక్ష్మజీవులు విడుచు యూరియేజు అను ఎంజైము తాకి, వచ్చిన త్రోవనే వెనుకకు నడచును. కర్మాగారమున 13.5 కిలోల నీటిని విడిచిన 45 కిలోల యూరియా ఇచ్చట మడినీటినుండి ఆ 13.5 కిలోలనే తిరిగి తీసికొని, 25.5 కిలోల అమ్మోనియాగాను, 33 కిలోల బొగ్గుపులుసు వాయువుగాను విడివడును. భూగర్భమున యుగములుగా అణగియుండిన 9 కిలోల కర్బనము గోదావరి గట్టున గాలిలో కలిసిపోవును. దానిని బస్తాలో దాచితిమని చెప్పుకొన్నది కొన్ని నెలల మాట. 21 కిలోల నత్రజనిలో కొంత వరి పీల్చుకొనును, కొంత మట్టి పట్టియుంచును, కొంత అమ్మోనియాగా ఎగిరిపోవును, కొంత నైట్రేటుగా అడుగునకు ఇంకును, కొంత మొదటి నత్రజనిగానే మారి ఆకాశమును చేరును. ఏ పాలు ఎంతయో తెలిసికొనుటకు వ్యవసాయ పరిశోధకులు నత్రజని-15 అను బరువైన ఐసోటోపు చేర్చిన యూరియాను చిన్నమళ్లలో చల్లి, కోతలనాడు గింజను, గడ్డిని, వేళ్లను, మట్టిని విడివిడిగా తూచి పరీక్షింతురు. నాలుగింటిని కూడి, చల్లినదానినుండి తీసివేయగా మిగిలినది గాలికిని నీటికిని పోయినదని వ్రాసికొందురు.